పదిహేను మిల్లీమీటర్లు

"చేతులు లేపు బిడ్డా. కదలకు."

కొడుకు వెనక నిలబడి ఛాతీ చుట్టూ టేపు చుట్టింది సులోచన. జాకెట్లు కుట్టే ఆమెకు తెలిసినవి ఇంచులే. పోలీసు కానిస్టేబులు కావాలంటే ఛాతీ ముప్పై నాలుగు ఇంచులుండాలట.

"నిండ ముప్పై నాలుగు," అంది. "ఇగ నేల మీద దండీలు కొట్టుడు సాలు. గుండెకేమన్న అయితది."

రాధాకిషన్‌కు వయసు దాటిపోయే ఏడు అది. ఈసారి తప్పితే మళ్లీ అవకాశం లేదు. నాలుగు నెలలుగా ఆ ఒంటిగదిలో రోజూ ఇదే కొలత.

సులోచనకు అన్నీ భయాలే. కోమటిచెరువు కట్ట మీద పరుగెత్తితే కాలు జారుతుందని భయం. పచ్చిగుడ్డు తాగితే అరగదని భయం. పేపర్లో పోలీసు జీపు కింద మందుపాతర పేలిన వార్త కనబడితే ఆ పేజీ పొయ్యిలోకే. సెలక్షన్‌కు పోయే సంగారెడ్డి బస్సు బోల్తా పడుతుందని కూడా భయమే. చెబితే కొడుకు నవ్వుతాడు.

పక్కింటి లేత్ మెకానిక్ జానీ పాషా ఒకరోజు అడిగాడు. "మా స్టీలు టేపుతోని ఒకపారి సూడాల్నా అక్కా?"

"నా కొడుకేమన్న బేరింగా అన్నా?"

జానీ పాషా నవ్వాడు.

సెలక్షన్ రోజు ఆమె మిషను తొక్కలేదు. గడప దాటలేదు. సాయంత్రం రాధాకిషన్ వచ్చి, చెప్పులు విడవకుండానే మంచం మీద కూలబడ్డాడు.

"పదిహేను మిల్లీమీటర్లు తక్కువొచ్చిందవ్వా. మళ్లొకసారి కొలువున్రి అని అడిగిన. ఇనలే."

"ఇంట్ల నిండ ఉండె గద బిడ్డా."

సంగతి విని వచ్చిన జానీ పాషా తల గోక్కున్నాడు. "కుట్టుపనిల అర ఇంచు అటిటైనా ఎవలడుగరు బేటా. మా లేత్ మీద ఒక్క మిల్లీమీటరు పోతే సామాను పాత ఇనుముల కిందికే. పోలీసోళ్లది గా లెక్క. అక్కది గీ లెక్క."

"పాపం నాదే," అని సులోచన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేం జేస్తవవ్వా," అన్నాడు రాధాకిషన్. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

జానీ పాషా వెళ్లిపోయాక, సులోచన నాలుగు నెలలుగా రోజూ కొడుక్కి కనబడకుండా అతని వీపుకీ టేపుకీ నడుమ దూరుస్తూ వచ్చిన తన రెండు వేళ్లను కళ్లకద్దుకుంది.