వదిలేసిన పెరుగు

“నాలుగో దినానికే మాత్రలు ఎందుకు ఆపేసినావమ్మా?” అని డాక్టరు గట్టిగా అడిగాడు.

“విరేచనాలు సార్. తట్టుకోలేక పోయినాను,” అంది అమ్మ.

“అందుకే గదా పెరుగు తినమన్నాను? కడుపులో పుండు చేసిన క్రిములు మాత్రలకే చస్తాయి. పెరుగు ఆ మాత్రలకు తోడు, అది తింటే మందును నీ కడుపు తట్టుకుంటుంది. ఈసారీ మధ్యలో ఆపితే మళ్లీ రక్తం కక్కుతావు. అప్పుడు నా చేతుల్లో ఉండదు.”

నాయన నవ్వాడు. “దానికి పెరుగంటే రోత సార్. పన్నెండేండ్లుగా సూస్తా ఉండా. నా సంగట్లోకి ముంతెడు పోస్తాది, తను వేలు కూడా పెట్టదు.”

డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్లాక, నేను కొనుక్కొచ్చిన పెరుగు కప్పు అమ్మ ముందు పెట్టాను. ఆమె మొహం తిప్పుకుంది.

“తినుమే, మొండిదానా!” అన్నాడు నాయన.

“రోత కాదు,” అంది అమ్మ మెల్లగా. “నీకు పచ్చకామెర్లు ముదిరి, ఇంటికి తీసకపొమ్మన్నారే, ఆ పొద్దు కాళహస్తిలో మొక్కినాను. నువ్వు బతికితే జన్మలో పెరుగు ముట్టనని.”

నాయన నవ్వు ఆగిపోయింది. కప్పు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత చెంచాతో తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

“నాకేమన్నా కానీ. తిను.”

అమ్మ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన మొహమే చూస్తూ ఒక్క చెంచా మింగింది.

నాయన చిన్నగా దగ్గాడు.

రెండో చెంచాకు అమ్మ నోరు తెరవలేదు.