తరఫున

గురువుగారంతటి మనిషి ఆ రోజు అంత చిన్న తప్పు ఎలా చేశారు? ఇరవై ఏళ్లుగా ఈ సందేహం ఆ సీనియర్ ఇంజినీరును వదల్లేదు. ఆ రోజు సర్వరు గదిలో ఉన్నది ఇద్దరే. పని నేర్పిన గురువుగారూ, చేరి మూడు నెలలైనా కాని తనూ. "నేనే చేశాను" అన్నారు గురువుగారు. పాత ఫైళ్ల గదికి పంపేస్తే మారుమాట లేకుండా వెళ్లారు. పోయేదాకా ఆ ఊసెత్తలేదు. అడిగే ధైర్యం తనకూ చాలలేదు.

సోమవారం పొద్దున, ఆపరేషనైన భార్య కంట్లో చుక్కల మందు వేసి, దేవుడికి దండం పెట్టుకుని స్కానింగ్ సెంటరుకు వచ్చేసరికి, మేనేజరు సర్వరు గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. శుక్రవారం నుంచీ స్కానులు బయటి డాక్టర్లకు చేరడం లేదట. మామూలు మెయిళ్లు వెళ్తున్నాయి, పెద్ద స్కాను బొమ్మలు మాత్రం సగంలో తెగిపోతున్నాయి.

ఆయన ఒక కంప్యూటరును నేరుగా బయటి లైనుకు కలిపి చూశాడు. స్కాను తెగకుండా పూర్తిగా వెళ్లింది. అంటే లైను మంచిదే, తేడా అంతా ప్రాక్సీ సర్వరులో ఉంది. ఆ సెంటరులో అందరి తరఫునా బయటికి వెళ్లి అడిగేది అదే. లోపల అడిగినవాళ్లు ఎవరైనా, బయటివాళ్లకు కనపడేది దాని పేరే.

సెట్టింగులు తెరిచాడు. జవాబు కోసం అరవై సెకన్లు ఆగాల్సింది, ఆరు సెకన్లకే తెంపేస్తోంది. శుక్రవారం పదకొండున్నరకు ఎవరో ఒక సున్నా మరిచారు. ఆ గదిలో పనిచేసే ఇద్దరికీ, తనకూ కొత్తగా చేరిన అమ్మాయికీ, ఒకటే పాస్‌వర్డు, కాబట్టి అందులో పేరు తెలిసే దారి లేదు. సున్నా చేర్చాడు. స్కానులు కదిలాయి.

"ఎవరి నిర్వాకం ఇది? శుక్రవారం నేను ఊళ్లో లేకపోతే ఇష్టారాజ్యమా?" అన్నాడు మేనేజరు. తప్పు చేసినవాళ్ల పేరు చెబితేగాని కదలనన్నాడు. అతని చూపు మూల కూర్చున్న కొత్త ఇంజినీరమ్మాయి మీద ఆగింది. ఆమె ఉద్యోగం ఉంచాలో ఊడబెరకాలో పదిహేను రోజుల్లో తేల్చేది అతనే.

"సార్..." అంటూ లేవబోయింది ఆ అమ్మాయి.

"నువ్వు స్కాను గదికెళ్లి అన్నీ పోతున్నాయో లేదో చూసి రామ్మా" అని పంపించి, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనేనండీ. ఈ అద్దాలు మార్చమని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. సున్నా ఆనలేదు."

మేనేజరు ఉతికి ఆరేశాడు. రేపట్నుంచి సర్వరు గది ఛాయలకు రావద్దన్నాడు. ఆయన సరేనన్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే దేవుడి పటం ముందు రోజూకన్నా ఎక్కువసేపు నిలబడి, ఒక్కదానికి క్షమించమన్నాడు.

"ఏమిటండీ, ఇవాళ అడుగులు తేలిగ్గా పడుతున్నాయి?" అంది భార్య, నల్లద్దాల వెనకనుంచి.

"గురువుగారికి ఒక బాకీ ఉండిపోయింది. ఇవాళ తీరింది" అంటూ, శుక్రవారం పదకొండున్నరకు తను మరిచిన సున్నా సంగతీ, తిన్న తిట్లూ చెప్పుకొచ్చాడు.

ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఆ వేళప్పుడు మీరు కంటి ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు కదండీ."