కూలోళ్ల గుడిసెల కింద

"ఈజిప్టులో ఆ బంగారు ముసుగు రాజు సమాధి యాడ బయటపడిందమ్మా, టీచరమ్మా?" పెనుకొండ కోట చుట్టూ గుప్తనిధుల కోసం తవ్వి తవ్వి విసిగిన నాగభూషణం అడిగాడు.

తమ గుడిసె పడగొట్టి అక్కడే బంగళా కట్టుకున్న అతనికి తన కూతురు అరుణ కుర్చీ వేయడం చూసి తిమ్మక్కకు ఒళ్లు మండింది.

"కూలోళ్ల గుడిసెల కింద," అంది అరుణ. "అందుకే మూడువేల ఏండ్లు ఎవురి కంటా పడలేదు."

నాగభూషణం లేచి నిలబడ్డాడు. "అయితే మీ గుడిసె కింద..."

"ఏమో సార్. ఇప్పుడు ఆడ మీ నడిమింటి చలవరాళ్లుండాయి కదా."

మర్నాడు పొద్దున్నే బంగళాలోంచి గడ్డపారల చప్పుడు వినబడింది.

"నిజంగా ఆడ ఏమన్నా ఉండాదేమే?" తిమ్మక్క అడిగింది.

"మన పొయ్యిరాళ్లుంటాయిలేమ్మా."

తిమ్మక్క చేతిలోని చాట పక్కన పెట్టి, గడప మీద కూర్చుని, ఒక్కో దెబ్బా చెవులారా వింది.