రెండు నిమిషాలు ఆగకుండా

ఠంగ్‌మంది గాజు గ్లాసు.

"ఎందుకు కొట్టారు? నేనేం తప్పు మాట్లాడాను?" అంది కోడలు.

"తప్పో ఒప్పో నాకేం తెలుసు? 'అఁ...' అన్నావు. 'అఁ' అంటే చెంచాతో కొట్టమన్నది నువ్వే కదా!" అంది అత్తగారు, ఫోనులో స్టాప్‌వాచ్ వంక చూస్తూ. "ఇప్పటికి పద్నాలుగు. ఇంకా నిమిషం కూడా కాలేదు."

కోడలు ఆస్పత్రిలో నర్సు. పైచదువుకి యూనివర్సిటీలో సీటు రావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. చదవడం, రాయడం, వినడం మూడింట్లోనూ ఇబ్బంది లేదు. మాట్లాడడంలోనే ఏడు రావాల్సింది, రెండుసార్లూ ఆరు దగ్గర ఆగిపోయింది. చీటీ మీద ఏముంటే దాని గురించి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. "ఇంగ్లీషు నీకు వచ్చమ్మా, తడబాటే పోవాలి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడు" అంది క్లాసులో మేడమ్. ఇంట్లో అంత తీరిక ఉన్నది అత్తగారికే. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా తడబాటు పట్టుకోవడానికి భాషతో పనేముంది?

"ఆఖరి అవకాశం అత్తయ్యా. ఈసారి పోతే సీటు మీద ఆశ వదులుకోవడమే."

"అందుకేగా కొడుతున్నది. కానియ్."

తర్వాతి చీటీ, నచ్చిన పుస్తకం. ఠంగ్, ఠంగ్, ఠంగ్.

"'బుక్' అన్న ముక్క వినపడింది. ఆ బుక్కేదో నువ్వు చదివినట్టు లేదే అమ్మాయ్!"

కోడలికి ఒళ్లు మండింది. విసురుగా ఇంకో చీటీ తీసింది. "మీకు పొసగని మనిషి గురించి చెప్పండి" అని ఉంది. ఒక్క క్షణం అత్తగారి మొహంలోకి చూసి, ఇంగ్లీషులో అందుకుంది. తను మడతపెట్టిన బట్టలు ఈవిడ విప్పి మళ్లీ మడతపెట్టడం, తాళం వేశాక మూడుసార్లు లాగి చూడడం, తను ఫోనులో ఉంటే "ఎవరు, ఎవరు?" అని సైగలు చెయ్యడం... రెండు నిమిషాలూ గుక్క తిప్పుకోలేదు. చెంచా కదల్లేదు.

"ఒక్కటి కూడా లేదు!" అత్తగారి మొహం చాటంతయ్యింది. "దేని గురించే అది?"

"అది... మా హెడ్ నర్సు గురించి అత్తయ్యా."

"భలే ఉంది. రోజూ ఆవిడ గురించే మాట్లాడు."

రెండు మూడు రోజులు గడిచాక అత్తగారికి ఏమైందో ఏమో, పలకరిస్తే చాలు చురకలు వెయ్యసాగింది. టీ తాగి, "వేణ్ణీళ్లు బాగున్నాయి" అంది. పక్కింటావిడతో, "మా కోడలు నోరు తెరుచుకుని నిద్రపోతుంది" అని చెప్పింది. డ్యూటీ చెప్పులు బాల్కనీలోకి నెట్టేసి, "ఇల్లంతా ఆస్పత్రి వాసన" అంది.

"మీ అమ్మకి ఏమైంది?" అని భర్తని అడిగితే, "వయసు" అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా.

సాయంత్రానికి కోడలి కడుపులో పది నిమిషాలకి సరిపడా ఇంగ్లీషు పోగయ్యేది. ఏ చీటీ వచ్చినా ఆ వేడి మీదే మాట్లాడేసేది. పార్కు వస్తే, ఇలాంటి అత్తగారితో పార్కుకి వెళ్తే ఎంత నరకమో చెప్పేది. చెంచాకి పని లేకుండా పోయింది.

పరీక్ష రోజు కూడా అత్తగారు వదల్లేదు. "ఆ డ్రెస్సేమిటే? ఆస్పత్రి కర్టెన్ చుట్టుకున్నట్టుంది" అంది గుమ్మంలో నిలబడి. కోడలు పళ్లు నూరుకుంటూ బస్సెక్కింది.

పరీక్ష గదిలో చీటీ తిప్పి చూసింది. "ఏదైనా నేర్చుకోవడంలో మీకు సాయపడిన మనిషి గురించి చెప్పండి."

మేడమ్ గురించి చెబుదామని నోరు తెరిచింది. "మా అత్తగారు" అని వచ్చింది.

ఒక్క మాట అర్థం కాకపోయినా నెల రోజులు తన మాటలన్నీ విన్న మనిషి. మోకాళ్ల నొప్పితో కుర్చీలో అటూ ఇటూ కదులుతూ కూడా స్టాప్‌వాచ్ మీంచి చూపు తిప్పని మనిషి. తను డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చినా గ్లాసూ చెంచా పట్టుకుని సిద్ధంగా ఉన్న మనిషి. చెబుతుంటే ఎక్కడా మాట ఆగలేదు. ఎదురుగా కూర్చున్న పరీక్షకురాలే చెయ్యెత్తి ఆపాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం నుంచే అత్తగారు మళ్లీ మామూలు మనిషైపోయింది. అదే టీ తాగి, "ప్రాణం లేచొచ్చింది" అంది.

మాట్లాడడంలో ఎనిమిది వచ్చింది. అత్తగారిని గట్టిగా వాటేసుకుంటే, "వదులు వదులు, ఊపిరాడట్లేదు" అంటూనే ఆవిడా వదల్లేదు. మర్నాడు కోడలు మిఠాయి పెట్టె పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"ఎనిమిదా! మరి ఆ ఏడుపు మొహమేంటమ్మా?"

"తప్పు చేశాను మేడమ్. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు కదా అని, నెల రోజులూ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆవిణ్ణే తిట్టాను. హెడ్ నర్సు గురించని అబద్ధం కూడా చెప్పాను. ఇప్పుడు ఆవిడ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది."

నోటిదాకా తీసుకెళ్లిన మిఠాయి పట్టుకుని మేడమ్ అలాగే ఆగిపోయింది.

"మీ అత్తగారు నీకు చెప్పలేదా? నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు ఒకరోజు ఇక్కడికి వచ్చారమ్మా. 'భాష రాకపోయినా ఆ చూపు తెలీదా? మా అమ్మాయి నన్ను తిట్టేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా తడబడ్డంలేదు మేడమ్, పరీక్ష అయ్యేదాకా రోజూ ఏదో ఒక గొడవ పెట్టుకోనా?' అని అడిగి వెళ్లారు."