వీధికి అవతల ఇంకా మూడే

"ఇది కూడా నీ వేళాకోళమేనా నాన్నా?" ఫోన్లో గ్లెనీస్ గొంతు కటువుగా ఉంది.

డెస్ ఫోన్ నోరీన్ చేతికిచ్చి ముక్కు చీదుకున్నాడు.

"నూడుల్ మమ్మల్ని వదిలి వెళ్ళిపోతున్నాడమ్మాయ్," అంది నోరీన్. అనగానే ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. "మీ నాన్న ఒక్కడూ నడవలేడు. వచ్చి తీసుకెళ్ళు."

నోరీన్ షెల్టర్లో ఇరవై ఫెరెట్లున్నాయి. ముంగిసకి దూరపు చుట్టాల్లా ఉంటాయి. అన్నీ ఎవరో ఒకరు వద్దనుకుని వదిలేసినవే. వాటన్నిటికీ తాత నూడుల్, ఎనిమిదేళ్ళవాడు. ఎత్తుకుంటే ఉడికిన నూడుల్‌లా వేలాడతాడని ఆ పేరు.

షెల్టర్ ముందున్న వీధే రెండు రాష్ట్రాలకి సరిహద్దు. ఇటు న్యూసౌత్‌వేల్స్, అటు క్వీన్స్‌లాండ్. ఇటువైపు ఫెరెట్‌ని నెత్తిన పెట్టుకుని ఊరేగినా ఎవరూ అడగరు. అటువైపు ఇంట్లో పెంచితే నేరం. డెస్ ఇల్లు అటువైపు. అలా పెంచేవాళ్ళని పట్టుకుని జరిమానా రాసే ఆఫీసరు సాక్షాత్తూ అతని కన్నకూతురే.

అందుకే మూడేళ్ళుగా డెస్ రోజూ చేతికర్రతో వీధి దాటి వచ్చి నూడుల్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పోయినవారం డాక్టరమ్మ వాడి గుండె చూసి, మహా అయితే రెండు నెలలంది.

"ఆ రెండు నెలలూ మనింట్లో ఉంచుకుంటానే. పోయేదేదో బోనులో కాకుండా నా ఒళ్ళో పోతాడు," అని డెస్ కూతుర్ని బతిమాలాడు.

"నా ఉద్యోగం పోతుంది నాన్నా," అంది గ్లెనీస్. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

గ్లెనీస్ యూనిఫాంలోనే వచ్చింది. డెస్ ఒళ్ళో బూట్ల పెట్టె. అందులో డెస్ పాత ఊలుటోపీ, ఆ టోపీలో నూడుల్. మెడ వాలిపోయి ఉంది, నోరు కాస్త తెరుచుకుని ఉంది.

"వీడు వచ్చిన కొత్తలో, ఎంత కుదిపినా నిద్ర లేవట్లేదని డాక్టరమ్మకి ఫోన్ చేశావ్ గుర్తుందా నోరీన్?" అన్నాడు డెస్.

"ఇప్పుడు చేయక్కర్లేదులే," అంది నోరీన్. వంగి నూడుల్ నుదుటిమీద ముద్దు పెట్టింది. "ఇక సెలవు తాతా."

గ్లెనీస్ పెట్టె ముందు మోకాళ్ళమీద కూర్చుంది. ఇటువైపు కాపురమున్న రోజుల్లో కుందేళ్ళ వేటకని తండ్రి పెంచిన ఫెరెట్ల మధ్య పెరిగిన పిల్ల. నూడుల్ చిన్న ఛాతీమీద అరచెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత లేచి గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి.

"ఏడవకే," అన్నాడు డెస్.

"ఏడవట్లేదు."

"మన పెరట్లో నిమ్మచెట్టు కింద పెడతానే. దానిక్కూడా మీ చట్టం అడ్డమా?"

"చచ్చినదానికి జరిమానా రాయడం నాకు రాదు నాన్నా. పద."

నోరీన్ ఒక సంచి తెచ్చింది. నూడుల్ గిన్నె, ఊయల, చేపనూనె సీసా, గుండె మందు. గ్లెనీస్ ఒక్కొక్కటీ తీసి చూసింది.

"మందు కూడా పాతిపెడతావా నాన్నా?"

"వాడివి వాడితోనే ఉండాలి. మీ నానమ్మని కళ్ళజోడుతో పాతిపెట్టాం. ఆవిడేమన్నా పేపర్ చదువుతోందా?"

గ్లెనీస్ పెట్టెకి మూత పెట్టబోయింది.

"వద్దే! చీకటంటే వాడికి భయం."

ఆమె ఒక్క క్షణం తండ్రి మొహంలోకి చూసి, మూత చంకలో పెట్టుకుని పెట్టె తనే ఎత్తుకుంది.

ఎండాకాలంలో న్యూసౌత్‌వేల్స్ గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటుంది, క్వీన్స్‌లాండ్ తిప్పుకోదు. అందుకే ఆ వీధి దాటితే గడియారం గంట వెనక్కి పోతుంది.

"నోరీన్ దగ్గర నాలుగు దాటింది. మన దగ్గర ఇంకా మూడే," అన్నాడు డెస్ కర్ర టకటకలాడిస్తూ. "అంటే మనవైపు వాడింకా పోలేదన్నమాట."

"చాదస్తం నాన్నా," అంది గ్లెనీస్. గొంతు మెత్తబడింది.

పక్కింటి కీత్ కంచెమీంచి తొంగిచూశాడు. "ఏంటమ్మా ఆ పెట్టె?"

డెస్ కర్ర ఆగిపోయింది.

"నాన్న ఫెరెట్ పోయింది కీత్. పాతిపెట్టడానికి తెచ్చాం," అంది గ్లెనీస్.

ఆఫీసరే చెప్పాక ఇంకేముంది? కీత్ టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు. "పాపం, మంచి దోస్తీ వాళ్ళిద్దరిదీ."

ఇంట్లోకి వచ్చాక గ్లెనీస్ పెట్టెని వంటగది బల్లమీద పెట్టి కర్టెన్లు వేసింది. డెస్ మూలనున్న పార అందుకున్నాడు.

"గొయ్యి ఎంత లోతు తవ్వమంటావే?" అన్నాడు, కూతురివైపు చూడకుండా.

గ్లెనీస్ ఆ పార తీసుకుని మళ్ళీ మూలన పెట్టేసింది. ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలికి తొంగిచూసింది.

"లేచాక వీడికేం పెడదాం నాన్నా?"