తీసేసిన మాట

ఆ మంగళవారం పొద్దున ఆకాశం వాన కురవకా, ఎండ కాయకా, పిండకుండా ఆరేసిన తడిబట్టలా వేలాడుతోంది.

డాఫిన్ ఊరి చివర లేస్తున్న చెక్క ఇంటి ముందు నిలబడి, మైరన్ మేస్త్రీ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆఫీసు నుంచి. ఇవాళ్టి నుంచి కుంటోళ్ళు అనకూడదట."

సుత్తుల చప్పుడు ఆగింది.

కిటికీ ఖాళీకి పైనా కిందా నిలబెట్టే పొట్టి కర్రల్ని ఆ పనిలో అందరూ కుంటోళ్ళనే అంటారు. మైరన్‌కి పని నేర్పిన తండ్రీ అదే అనేవాడు.

"మరేమనాలట?" నిచ్చెన మీంచి అడిగాడు డ్వేన్.

"పొట్టి కర్రలనాలట."

"పొట్టోళ్ళు ఊరుకుంటారా మరి?"

అందరూ నవ్వారు. డ్వేన్‌కి ఊపొచ్చింది.

"బలం చాలని దూలానికి జతగా ఇంకోటి కొట్టి, దాన్ని చెల్లెలంటాం గదా మేస్త్రీ. రేపు దాని అన్న కర్ర పట్టుకొస్తాడేమో."

మైరన్ కూడా నవ్వాడు. "చెక్కకి సిగ్గా, ఎగ్గా?"

"చెక్కకి లేదు మేస్త్రీ," అన్నాడు ఆంబ్రోస్.

నవ్వులు అక్కడితో తెగిపోయాయి.

ఆంబ్రోస్ వేసవిలో వచ్చాడు, న్యూఫౌండ్‌లాండ్ సముద్రం వైపు నుంచి. కుడికాలు కాస్త పొట్టి. అడుగు వేసినప్పుడల్లా భుజం ఒక పక్కకి ఒరుగుతుంది. పనిలో మాత్రం ఎవరికీ తీసిపోడు.

"నువ్వేనా ఆఫీసుకి చెప్పింది?" అడిగాడు మైరన్.

"నేనే."

"నీ కాలు సంగతికా?"

ఆంబ్రోస్ కర్ర మీద పెన్సిలుతో గీత గీసుకుంటూ, "అనుకోండి," అన్నాడు.

"నాతో చెబితే నోరు పడిపోతుందా?"

"మీతో చెప్పే మాట కాదు మేస్త్రీ."

అది మైరన్‌కి ముల్లులా దిగింది. తనని దాటి పోవడమే కాక, నలుగురిలో ముఖం మీద అనేశాడు.

మర్నాటి నుంచి ఆంబ్రోస్ వస్తుంటే మాటలు ఆగిపోయేవి.

"మెల్లగా మాట్లాడండ్రా. గోడలకి చెవులుంటాయి, ఆ చెవులకి ఫోన్లుంటాయి," అనేవాడు డ్వేన్.

కాఫీ తాగేటప్పుడు అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.

మైరన్ చూశాడు. మేస్త్రీ ఒక్క మాటంటే ఆగిపోయేది. అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కింద ట్రక్కు హారను మోగింది.

మైరన్ భార్య ఒరీసియా. వారానికోసారి పనివాళ్ళకి వేడివేడిగా బీట్‌రూట్ పులుసు తెస్తుంది. ఇదివరకు గిన్నె పట్టుకుని తనే పైకి వచ్చేది. ఈమధ్య ట్రక్కు దిగడం లేదు. బురదకనుకున్నాడు మైరన్.

ఎప్పటిలాగే ఆంబ్రోస్ వెళ్ళి గిన్నె అందుకున్నాడు.

సాయంత్రం పనిముట్లు సర్దుతుంటే మైరన్ అతన్ని పక్కకి పిలిచాడు.

"చలి ముదురుతోంది. పని తగ్గుతుంది. సోమవారం నుంచి రానక్కర్లేదు."

చేతిలో ఇంకా రెండు ఇళ్ళ పని ఉంది. ఆ సంగతి ఆంబ్రోస్‌కీ తెలుసు. మాట్లాడినంతసేపూ మైరన్ అతని బూట్లనే చూశాడు.

"సరే మేస్త్రీ. రాత్రికి బస్సుంది, మా వైపు పోతాను," అన్నాడు ఆంబ్రోస్. "పులుసు బాగుందని అక్కకి చెప్పండి."

నాలుగు తిట్టి పోయినా బాగుండుననిపించింది మైరన్‌కి.

ఇంటికి వెళ్ళేసరికి ఒరీసియా పొయ్యి దగ్గర ఉంది. క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి వండింది. కొన్ని విడిగా తీసి డబ్బాలో పెట్టింది.

"సోమవారం ఆంబ్రోస్‌కివ్వు. ఒంటరి మనిషి."

"రాడు."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"తీసేశాను."

ఆమె గరిటె కింద పెట్టింది.

"నన్ను దాటి ఆఫీసుకి పోయాడు," అన్నాడు మైరన్. "తన కాలు గురించి ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఉత్త చెక్క పేరు పట్టుకుని..."

"కుంటోళ్ళు," అంది ఒరీసియా.

ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

ఆమె గిన్నె తీసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కారు ప్రమాదంలో విరిగి అతుక్కున్న తుంటి మీద బరువు ఆనకుండా, ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఖాళీ చేత్తో ఒక్కో కుర్చీ వీపూ పట్టుకుంటూ వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుగా ఉన్న నడక. మైరన్‌కి ఆ పూటే కనబడింది.

"నేను గిన్నెతో నడిచొస్తుంటే పైనుంచి 'ఇంకో కుంటోణ్ణి అందించరా' అని అరిచేవాళ్ళు మీరు. నన్ను కాదని తెలుసు. అయినా కాళ్ళు ఆగిపోయేవి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ రోజు నుంచి నా నడకే చూస్తావు నువ్వు. ఆఫీసుకి తను చెబుతానన్నాడు ఆంబ్రోస్. సరేనన్నాను. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

మైరన్ ఫోను తీసి ఆంబ్రోస్‌కి చేశాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది.

"ట్రక్కు ఎందుకు దిగడం లేదక్కా అని నన్నడిగింది అతనొక్కడే," అంటూ ఒరీసియా అతని పళ్ళెంలో వడ్డించి, తనూ పెట్టుకుంది. ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు.