ఇంకా తగ్గించు

“బీపీ ఇంకా తగ్గించక్కా! ఇంత రక్తం ఊరుతుంటే చెవిలో ఎముక ఎలా కనపడుతుంది?” ఆపరేషన్ చేస్తూనే కస్సుమన్నాడు సర్జన్ తమ్ముడు.

“ఇక తగ్గించను,” అంది మత్తు డాక్టర్ అక్క.

“ఇంట్లో పెత్తనం చాల్లేదా? నిన్న ఆ అమ్మాయికి ఇంతకన్నా తగ్గించావుగా!”

“ఈ పెద్దాయనకి ఏళ్ల తరబడి బీపీ ఎక్కువరా. ఈ గుండెకి ఆ ఒత్తిడే అలవాటు. అది పడిపోతే గుండెకే రక్తం చాలదు. అటు చూడు.”

ఒళ్లు మండుతూ తలెత్తాడు. తెర మీద గుండె గీత కిందికి జారుతోంది.

అతను చప్పున పని ఆపాడు. గాయంలో గాజుగుడ్డ అదిమి పట్టి, “పెంచక్కా,” అన్నాడు.

ఆమె మందు ఎక్కించింది. గీత మెల్లగా సర్దుకుంది. భయం తగ్గగానే అతనికి మళ్లీ కోపం తన్నుకొచ్చింది.

“ఈ మాట ముందే చెప్పొచ్చుగా!”

“చెబుతూనే ఉన్నాను. నువ్వు అరుస్తూనే ఉన్నావు.”